దవావోలో ఆర్నిస్ క్లాసు: చేరొచ్చా అని అడిగేవాళ్లకి

ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మా హాస్టల్ దగ్గరి ఆర్నిస్ (కర్రలతో చేసే ఇక్కడి యుద్ధకళ) క్లాసు బాగుంది, ధైర్యంగా చేరండి. 2009లో ఈ దేశం చట్టం చేసి మరీ ఆర్నిస్‌ని జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించింది.

ఇక్కడ మొదటిరోజే చేతికి కర్ర ఇస్తారు. ముందు ఒంటి కర్ర, తర్వాత రెండు కర్రలతో సినవాలి, అంటే ఎదుటివాళ్లతో కలిసి ఒకే లయలో అల్లినట్టు కొట్టడం, అది చేతులకి పట్టుబడ్డాక కర్రలు పక్కన పెట్టించి అవే కదలికలు వట్టిచేతులతో చేయిస్తారు, అసలు మజా అక్కడే. కర్ర లేని చెయ్యి కూడా ఊరికే ఉండకూడదు, అవతలివాడి మణికట్టు ఆపాలి, కర్ర లాగెయ్యాలి. రట్టన్ (ఒక రకం పేము) కర్ర గట్టి దెబ్బకి పుటుక్కున విరగదు, పీచులు పీచులుగా చీలుతుంది, కాలిన వాసన కూడా వస్తుంది.

కత్తి-బాకు జోడీగా వాడే ఎస్పాడా ఇ దాగా, పట్టు పట్టి పడేసే దుమోగ్ కూడా శ్రద్ధగా నేర్పిస్తారు. సిలాట్ అనే ఇంకో యుద్ధకళ మాత్రం నిరాశే. ఇండోనేషియా, మలేషియాల్లో దానికి ఏళ్ల తరబడి సాధన చేస్తారు, ఇక్కడ నాలుగు భంగిమలు చూపించి వదిలేశారు. దానికోసమైతే చేరొద్దు.

హెల్మెట్లు అందరికీ కలిపి కొన్నే ఉన్నాయి, చెమట కంపు. స్పారింగ్ (ఇద్దరు తలపడి చేసే సాధన) చేసేట్టయితే సొంతది కొనుక్కోండి.