ఈవ్ ఆన్‌లైన్ ఏపీఐ కీలు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఈవ్ ఆన్‌లైన్‌లో ఓడలు నడపడం కంటే ఆ ఓడల లెక్కలు రాసుకోవడంలో ఎక్కువ ఆనందం పొందే ఆటగాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ ఆ కోవలోనివాణ్ణే. ఆటలోని మన సమాచారాన్ని బయటి ప్రోగ్రామ్‌లు చదువుకునేందుకు ఇచ్చే తాళాలు ఏపీఐ కీలు. 2011లో వచ్చిన 'కస్టమైజబుల్ ఏపీఐ కీ'లను 2018 మేలో అవి మూతపడేదాకా రెండు వైపుల నుంచీ వాడాను. ఇతరులు రాసిన పరికరాలకు, అంటే ప్రోగ్రామ్‌లకు, ఆటగాడిగా కీలు ఇచ్చాను. మా చిన్న బృందం కోసం నేనే ఒక ప్రోగ్రామ్ రాసి, మావాళ్ల దగ్గర కీలు తీసుకున్నాను. వాటి స్థానంలో వచ్చిన పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 2003లో ఐస్లాండ్ నుంచి వచ్చిన ఈ అంతరిక్ష ఆటలో ఒక్కో నైపుణ్యం నేర్చుకోవడానికి నిజమైన గంటలు, రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. కంప్యూటర్ ఆపేసినా శిక్షణ సాగుతూనే ఉంటుంది. సరుకు పదిచోట్ల పడి ఉంటుంది. బజారులో పెట్టిన ఆర్డరు ఎప్పుడు కదులుతుందో తెలియదు. అందుకే ఆట తెరవకుండానే ఇవన్నీ చూసుకునేందుకు ఈవ్‌మాన్, జేఈవ్‌అసెట్స్ లాంటి పరికరాలను ఆటగాళ్లే తయారుచేసుకున్నారు. వాటికి సమాచారం అందే దారి ఏపీఐ.

2011కు ముందు కీలు రెండే రకాలు: పరిమితం, పూర్తి. నైపుణ్యాల వరకైతే మొదటిది చాలు. డబ్బు లెక్కలు కావాలంటే మాత్రం పూర్తి కీ ఇవ్వక తప్పదు. వాకిలి ఊడ్చడానికి వచ్చిన మనిషి చేతిలో బీరువా తాళం కూడా పెట్టినట్టుండేది వ్యవహారం.

కొత్త కీలు ఆ చిక్కును తీర్చాయి. కీ తయారుచేసే పేజీలో ముందు దానికొక పేరు పెట్టుకోవాలి. అది ఒక్క పాత్రకే పనిచేయాలా, ఖాతాలోని మూడు పాత్రలకూ పనిచేయాలా అన్నది ఎంచుకోవాలి. గడువు తేదీ ఇవ్వాలి, అక్కర్లేదనుకుంటే గడువు లేదని టిక్కు పెట్టాలి. ఆ కింద వరుసగా గళ్లు. ఒక్కో గడి ఒక్కో రకం సమాచారానికి. టిక్కు పెట్టినప్పుడల్లా యాక్సెస్ మాస్క్ అనే అంకె మారుతుంది. ఖాతా నిల్వకు 1, ఆస్తుల జాబితాకు 2, పాత్ర వివరాలకు 8, బజారు ఆర్డర్లకు 4096, ఇలా అన్నీ 2 యొక్క ఘాతాలే. టిక్కు పెట్టినవాటి మొత్తమే ఆ మాస్క్. మా ప్రోగ్రామ్‌లో నైపుణ్యాల పట్టికకు కావలసింది పాత్ర వివరాలు 8, నడుస్తున్న శిక్షణ 131072, శిక్షణ వరుస 262144. మూడూ కలిపితే 393224. మావాళ్లలో లెక్కలంటే ఆసక్తి ఉన్నవాళ్లు ఆ అంకె చూడగానే మూడింటికి మించి ఏమీ అడగలేదని తేల్చుకునేవారు. అంకె ముందే నింపి ఉన్న లింకు కూడా ఇవ్వగలిగేవాళ్లం కాబట్టి లెక్కల జోలికి పోనివాళ్లకూ ఇబ్బంది ఉండేది కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఉత్తరాల విషయం. ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ శీర్షికతో అన్నదానికి ఒక గడి, 2048. లోపలి పాఠానికి వేరే గడి, 512. కొత్త ఉత్తరం వచ్చిందని చెప్పే పరికరానికి మొదటిది చాలు. ఇంత సన్నగా కత్తిరించి ఇచ్చే ఏర్పాటు ఆటల్లోనే కాదు, ఉద్యోగంలో నేను వాడిన చాలా సాఫ్ట్‌వేర్లలోనూ కనబడలేదు.

ప్రోగ్రామ్ రాసేవాడికి కూడా ఇది హాయిగానే ఉండేది. కీ ఐడీ, దానితోపాటు వీకోడ్ అనే, పాస్‌వర్డ్ లాంటి పొడవాటి అక్షరాల వరుస, ఈ రెండూ పంపితే జవాబు వచ్చేది. అనుమతి లేనిది అడిగితే 221, గడువు తీరితే 222 అని లోపం సంఖ్య వచ్చేది కాబట్టి ఎదుటివాళ్లకు ఏం చెప్పాలో తెలిసేది. ప్రతి జవాబులోనూ మళ్లీ ఎప్పుడు అడగవచ్చో ఉండేది, అదీ యూటీసీలో. ఆట రోజూ ఆగేది 11:00 యూటీసీకి, అంటే మన సాయంత్రం 4:30కి. ఆ వేళ మా ప్రోగ్రామ్‌కు పని పెట్టకపోవడమే మేలు. లోపమల్లా వీకోడ్ తరచూ వెబ్ చిరునామాలోనే ప్రయాణించడం. సర్వర్ చిట్టాల్లో అది అలాగే పడి ఉండేది.

సాంకేతికంగా ఇంత చక్కటి కీని నిరర్థకం చేసింది మాత్రం ఆటగాళ్లే. ఏ పెద్ద కార్పొరేషన్‌లో (ఆటగాళ్లు కట్టుకునే సంఘంలో) చేరాలన్నా అన్ని గళ్లూ టిక్కు పెట్టిన, గడువు లేని, మూడు పాత్రలకూ వర్తించే కీ అడిగేవారు. ఆ కీతో ఎవరూ డబ్బు దోచుకోలేరు, అది చదవడానికి మాత్రమే. కానీ గూఢచర్యాన్ని నిబంధనలే అనుమతించే ఈ ఆటలో చదవడమే పెద్ద ఆయుధం. నన్ను ఒకచోట ఉత్తరాల పాఠం గడి ఎందుకు తీసేశావని గట్టిగానే నిలదీశారు. పాత మిత్రుల మాటలు అందులో ఉన్నాయని చెప్పి, చేరకుండా వచ్చేశాను. వాళ్ల భయమూ అర్థంలేనిది కాదు. ఒక్క వేగు లోపలికొస్తే ఏళ్ల కష్టం ఆవిరవుతుంది. అయినా ఒక్కో గడినీ మన ఇష్టానికి వదిలినప్పుడు, ఆ ఇష్టం చెల్లేది బేరం చేయగల స్థితిలో ఉన్నవాడికే.

ఇప్పుడున్నది ఈఎస్ఐ (ఆసుపత్రి కాదు, ఈవ్ స్విఫ్ట్ ఇంటర్‌ఫేస్). కీ కాపీ చేసి అతికించే పని లేదు. ఆట ఖాతాతో లాగిన్ అయి అనుమతి ఇస్తే చాలు. పరికరానికి దొరికే టోకెన్‌కు (తాత్కాలిక అనుమతి చీటీకి) 20 నిమిషాలకే కాలం చెల్లుతుంది, వెనక ఉన్న మరో టోకెన్‌తో దాన్ని కొత్తది చేసుకుంటుంది. భద్రతలో ఇది పాతదానికంటే ఎన్నో రెట్లు మెరుగు, అందులో వాదనకు తావులేదు. పైగా చదవడమే కాక రాయడమూ వీలవుతుంది: ఓడకు దారి గుర్తులు పెట్టవచ్చు, ఉత్తరం పంపవచ్చు.

కానీ గళ్లు ఇప్పుడు మన చేతిలో లేవు. పరికరం రాసినవాడు అడిగిన జాబితా తెరపైకి వస్తుంది. ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి, లేకపోతే వెనక్కి వెళ్లాలి. ఉత్తరాల శీర్షిక, పాఠం రెండూ ఒకే అనుమతిలో కలిసిపోయాయి. పాత్ర పాత్రకూ విడిగా లాగిన్ కావాలి, మూడేసి పాత్రలున్న ఖాతాలు నాలుగైదు ఉన్నవాళ్లకు అదో ప్రహసనం.

అందుకే మా ప్రోగ్రామ్‌లో లాగిన్ బటన్లు రెండు పెట్టాను, ఒకటి నైపుణ్యాలకు, ఒకటి వ్యాపారానికి. రాయడానికి శ్రమ ఎక్కువే, టోకెన్లు రెట్టింపు దాచాలి. మావాళ్లలో వ్యాపారం చేయనివాళ్లు రెండో బటన్ జోలికే పోరు.