దసరా విందుకు మటనా, నాటుకోడా?

ఈ దసరాకు హన్మకొండలో మా ఇంట్లో 12 మందిమి కూర్చుంటాం. మటన్, బగారా అన్నమా? నాటుకోడి, గారెలా?

రుచిలో నాటుకోడిదే పైచేయి. మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగిన కోడి ముక్కల పులుసులో వేడి గారె నానితే దాని ముందు ఏదీ నిలవదు. కానీ గారెలు అప్పటికప్పుడు వేయాలి. అందరూ తింటుంటే అమ్మ మాత్రం మూకుడు దగ్గరే నిలబడుతుంది. పోయిన ఏడాది ఆమె తినేసరికి నాలుగయింది. అది నాకు చాలా బాధనిపించింది.

మటన్‌కు ఆ తిప్పలు లేవు. రెండున్నర కిలోలు చాలు. ముందురోజే దుకాణంలో చెప్పిపెట్టాలి, పండగ పొద్దున లైన్ మామూలుగా ఉండదు. కూర పొద్దున్నే వండినా మధ్యాహ్నానికి రుచి పెరుగుతుంది. షాజీరా, లవంగాలు, పుదీనా వేగాక బియ్యం వేస్తే బగారా అన్నం అరగంటలో అయిపోతుంది. మూలుగు బొక్కల కోసం పిల్లలు ఎలాగూ కొట్లాడుకుంటారు.

పచ్చిపులుసు రెండింటికీ నప్పుతుంది. చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ చేత్తో పిసికి, నువ్వుల పొడి కలిపితే చాలు. మాంసం ముట్టని పెద్దమ్మకు గుత్తి వంకాయ.

నా ఓటు మటన్‌కే. అమ్మ మాతోపాటే కూర్చుని తినాలి.