ఇంకేం మందులు వాడుతున్నారని అడిగే మెడికల్ షాపు: 5కి 5

విశాఖ అక్కయ్యపాలెంలో మా వీధి మలుపులో ఉండే మెడికల్ షాపు గురించి ఇది. చిన్న షాపే, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు రోడ్డు మీదే. యాప్‌లో వచ్చినంత డిస్కౌంట్ రాదు, కొన్ని మందులకి సాయంత్రం రమ్మంటారు. అయినా నేను ఇంకో షాపుకి వెళ్లను, దానికి కారణం 2021 మే నెల.

అప్పుడు అమ్మకి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. వయసు 67, బీపీ ఉంది, ఆ బీపీ మాత్రలోనే ఒంట్లో నీరు లాగే మందు కూడా కలిసి ఉంటుంది, దానికి తోడు మూడు రోజులుగా విరేచనాలు. బెడ్లు దొరకని రోజులు కదా, ఒక డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడితే వాట్సాప్‌లో చీటీ పంపారు: హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్, వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్. రెండు నిమిషాల కాల్. అమ్మ రోజూ ఏం వేసుకుంటుందో ఆయన అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు.

షాపాయన చీటీ చూసి మందులు తియ్యలేదు. "అమ్మగారు ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు బాబూ? విరేచనాలు అవుతున్నాయా? ఈసీజీ తీయించారా?" అని అడిగారు. వెనకాల పదిమంది లైన్‌లో ఉన్నారు, నాకు ఒకటే టెన్షన్, ఇచ్చెయ్యండి అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన విసుక్కోలేదు, నన్ను పక్కకి పిలిచి చెప్పారు. గుండె ఒక్కసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే సమయం ఈసీజీలో కనిపిస్తుందట, దాన్ని క్యూటీ అంటారు. గుండె వేగాన్ని బట్టి సరిచేసి చూస్తే ఆడవాళ్లలో అది 460 మిల్లీసెకన్ల లోపు ఉండాలి, 500 దాటితే ప్రమాదం. చీటీలో ఉన్న మూడు మందులూ ఆ సమయాన్ని సాగదీసేవే. విరేచనాల వల్ల, నీరు లాగే మందు వల్ల ఒంట్లో పొటాషియం పడిపోతే అది ఇంకా సాగుతుంది. మరీ సాగితే లయ తప్పి మనిషి ఉన్నట్టుండి పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఆ డాక్టర్‌కి ఆయనే ఫోన్ చేసి మాట్లాడారు, ఇంటికొచ్చి ఈసీజీ తీసే అబ్బాయి నంబర్ కూడా ఇచ్చారు. ఒక్క మాత్ర కూడా వెయ్యకముందే అమ్మకి క్యూటీ 486 వచ్చింది, పొటాషియం కూడా బాగా తక్కువే, 2.9. డాక్టర్ మూడు మందులూ ఆపించి పొటాషియం ఇప్పించారు. రెండు వారాలకి 438కి దిగింది.

తర్వాత చదువుతుంటే తెలిసింది, ఆస్పత్రి బయట హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉందని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లోనే హెచ్చరించిందని, ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకి దానివల్ల లాభం లేదని బ్రిటన్‌లో రోగుల మీద జరిగిన రికవరీ అనే పెద్ద మందుల పరీక్ష అదే ఏడాది జూన్‌లో తేల్చిందని. అంటే మాకు చీటీ రాసేనాటికే ఏడాది కావొస్తోంది! తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. అజిత్రోమైసిన్ అయితే అసలు వైరస్ మందే కాదు, అది బ్యాక్టీరియాకి.

ఆయన ఇప్పటికీ మారలేదు. పోయిన నెల నాకు జ్వరం, దగ్గు వస్తే అజిత్రోమైసిన్ స్ట్రిప్ అడిగాను, చీటీ లేకుండా ఇవ్వనన్నారు. మా బాబాయి హెపటైటిస్ సి కోసం సోఫోస్‌బువిర్ కొనడానికి వెళ్తే ముందుగా అడిగింది, గుండెకి అమియోడరోన్ ఏమైనా వాడుతున్నారా అని. ఆ రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చట. బాబాయి వాడట్లేదు కాబట్టి సరిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు, ఆదివారం పొద్దున పూటే. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసుకుని వెళ్లండి, ఎలాగూ అడుగుతారు.