పీహెచ్‌డీ ఊళ్లోనా, హైదరాబాద్‌లోనా, అమెరికాలోనా: ఏది మేలు?

ఈ ఏడాది నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లలో గుంతకల్లు అమ్మాయి ఆరోది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే గుర్తుపట్టి వచ్చింది. "సార్, పంచాయతీల మీద రీసెర్చ్ చేయాలనుంది. ఇక్కడే చేరాలా, హైదరాబాద్ పోవాలా, మా అన్న చెప్పినట్టు జీఆర్‌ఈ రాసి అమెరికాకు ట్రై చేయాలా?" ఆటో వచ్చేలోపు చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా. ఆమెకొక్కదానికే కాదు, ప్రజాస్వామ్యం, అభివృద్ధి అనే రంగంలో జీవితం గడపాలనుకునే సీమ పిల్లలందరికీ.

సబ్జెక్టు కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఉపాధి హామీ దేశం మొత్తానికీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అంతకు ఎంతో ముందే రాబర్ట్ వేడ్ అనే విదేశీ పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువల కింది ఊళ్లు తిరిగి, 1988లో పుస్తకం వేశారు. నీళ్లు పుష్కలంగా అందే ఎగువ ఊళ్లలో ఎవరి పాటికి వాళ్లుంటారు. నీళ్లకు కటకటగా ఉండే దిగువ ఊళ్లు మాత్రం ఉమ్మడిగా నీరుగంటిని (పొలాలకు నీళ్లు పంచేవాణ్ణి), పొలాలకు కావలివాళ్లను పెట్టుకుని, వాళ్ల జీతాలకు ఉమ్మడి నిధి కూడా నడుపుకుంటాయి. ప్రభుత్వం చెప్పి చేయించింది కాదది. ఉమ్మడి వనరుల మీద పనిచేసేవాళ్లు ఈరోజుకీ నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పేరు పక్కన ఆయన పేరు కూడా చెబుతారు. ఇంజనీర్ల ట్రాన్స్‌ఫర్లకు డబ్బులు ఎలా చేతులు మారతాయో, ఆ డబ్బు మళ్లీ రైతుల దగ్గర ఎలా రాబడతారో 1982లో ఆయన రాసిన వ్యాసం చదివితే, ఇది మా ఊరి కథే కదా అనిపిస్తుంది.

అయితే ఆ కాలువ గట్టు మీద పెరిగినవాళ్లు ఎందుకు రాయలేదు? తెలియక కాదు. ఆయనకు తిరిగే తీరిక, దానికి డబ్బు ఉన్నాయి. రాసింది చదివి తప్పులు పట్టే మనుషులూ ఉన్నారు. నా లెక్కలో ఈ మూడోదే అసలుది. దాని దగ్గరికి వస్తా. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఇంట్లోవాళ్లు అడిగేది అదే కాబట్టి.

నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000, ఇంటి అద్దెకిచ్చే హెచ్‌ఆర్‌ఏ వేరే. మన దేశంలో ఎక్కడ చేరినా అంతే. రాకపోతేనే తేడా కనిపిస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీలో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000 ఇస్తారు. హైదరాబాద్‌లో అది టీలకూ జిరాక్సులకూ సరి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి ఆ మాత్రం కూడా ఉండదు. అమెరికాలో మంచి డిపార్ట్‌మెంట్‌లో సీటు దొరికితే ఫీజు ఉండదు, అయిదేళ్లపాటు స్టైపెండ్ ఇస్తారు. బదులుగా టీఏ పని చేయాలి (ఉపాధి హామీ టీఏ కాదు, టీచింగ్ అసిస్టెంట్). కాకపోతే 2025లో అక్కడ కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి. ఇంగ్లండ్‌లో సీటు సులువుగానే వస్తుంది, డబ్బులే రావు.

ఎస్సీ, ఎస్టీ పిల్లలు కొందరు విదేశీ చదువుకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకుంటారు. పెట్టుకోవాలి కూడా. కానీ ఎస్సీల స్కాలర్‌షిప్‌కు 2022లో మార్చిన నిబంధనల్లో ఒక మెలిక ఉంది. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశం మీద సామాజిక పరిశోధన లాంటి అంశాలకు ఆ డబ్బు ఇవ్వరు. అంటే పుట్టిన ఊరి పంచాయతీ మీద పనిచేస్తానన్న దళిత విద్యార్థికి ఆ తలుపు మూసినట్టే. నాకిది మింగుడుపడదు. ఏ సంవత్సరం దరఖాస్తు చేస్తే ఆ సంవత్సరం నోటిఫికేషన్ మాత్రం చదువుకోండి.

ఇక అసలు సంగతి. మీరు రాసింది ఎవరు చదువుతారు?

నేను మొదట చేరింది ఒక రాష్ట్ర యూనివర్సిటీలో. పేరు వద్దు, సీమలోదో కాదో కూడా చెప్పను. ఏడాదిన్నర కష్టపడి మొదటి చాప్టర్ రాసి, డీటీపీ సెంటర్‌లో స్పైరల్ బైండింగ్ చేయించి గైడ్‌గారి టేబుల్ మీద పెట్టాను. రెండు నెలలకు తిరిగొచ్చింది. మొదటి పేజీ మీద 'గుడ్' అని, కింద సంతకం. మురిసిపోతూ రూముకొచ్చి తిరగేస్తే, ముప్పయ్యో పేజీ తర్వాత నాలుగు పేజీలు నావి కావు. పట్టుపురుగుల పెంపకంలో మల్బరీ ఆకు నాణ్యత గురించి. పక్క టేబుల్ మీద ఎవరిదో సెరికల్చర్ ప్రాజెక్టు ఉంటే, డీటీపీ అబ్బాయి కలిపి కుట్టేశాడు. స్థానిక స్వపరిపాలన మధ్యలోంచి మల్బరీ ఆకుల్లోకి పోయి మళ్లీ 73వ రాజ్యాంగ సవరణకు తిరిగొచ్చిన చాప్టర్‌కు 'గుడ్' వచ్చింది. అప్పుడు నవ్వొచ్చింది. రాత్రికి ఏడుపొచ్చింది.

మరుసటి ఏడు ఎంట్రన్స్ రాసి హైదరాబాద్‌లో మళ్లీ మొదట్నుంచి చేరాను. ఇంట్లో "ఇంకా ఎన్నేండ్లు నాయనా?" అన్నారు. ఈసారి టాపిక్ ఉపాధి హామీ సోషల్ ఆడిట్, అంటే పనుల లెక్కలను జనం ముందు తనిఖీ చేయడం. 2014 వేసవిలో మన జిల్లాలో ఒక మండలం ప్రజావేదికకు, అంటే ఆ ఆడిట్ లెక్కలు అందరి ముందు చదివే సభకు పోయాను. ఎంపీడీఓ ఆఫీసు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తడి గోనెపట్టా కప్పిన నీళ్ల డ్రమ్ము. ఆడిట్ పిల్లలు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదువుతుంటే ఒకామె లేచింది. "ఆ వారం నేను బిడ్డ కాన్పుకని బళ్లారికి పోయింటి. నా పేరు మీద ఆరు దినాలెట్ల పడ్నాయి?" అంది. ఫీల్డ్ అసిస్టెంట్ తల దించుకున్నాడు. రికవరీకి ఆర్డర్ వేశారు. నేను రాసుకున్నాను. అద్భుతమైన సీన్ దొరికిందనుకున్నాను. ప్రజాస్వామ్యం గెలిచిందన్నంత ధీమాగా చాప్టర్ ముగించాను.

హైదరాబాద్‌లో నా గైడ్ మేడం దాన్ని పదకొండు రోజుల్లో తిరిగిచ్చారు. మార్జిన్ల నిండా ఎర్ర సిరా. ఆ సీన్ పక్కన ఒకటే వాక్యం: "తర్వాతి ఎండాకాలం ఈమెకు పని దొరికిందా?"

నాకు తెలియదు. రాత్రి రైలెక్కి పొద్దున్నే అనంతపురంలో దిగాను. ఆమె ఊరికి పోతే తెలిసింది, ఆమెను పాత కూలీల గ్రూపులో ఎవరూ పిలవలేదు. ఫీల్డ్ అసిస్టెంట్ నోటితో ఏమీ అనలేదు, అననక్కర్లేదు కూడా. చివరికి ఆమె ఆడబిడ్డ ఇంకో గ్రూపుకు మేట్ (గ్రూపు పెద్ద) కాబట్టి అందులో చేర్చుకుంది. సభలో లేచి మాట్లాడడానికి అయ్యే ఖర్చు, దాన్ని భరించడానికి కావాల్సిన చుట్టరికం, నా థీసిస్ చివరికి దీని చుట్టూనే నడిచింది. ఆ ఒక్క ప్రశ్న లేకపోతే నేను ఇప్పటికీ మల్బరీ ఆకుల్లోనే ఉండేవాణ్ణి.

గమనించారా, ఇక్కడ రెండు కలిశాయి. ప్రశ్న అడిగే మనిషి ఒకటి, ఒక రాత్రి రైలు దూరంలో ఉన్న ఊరు రెండోది. ఊళ్లోనే ఉంటే ఊరు దొరుకుతుంది, ప్రశ్న దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. అమెరికాలో ప్రశ్న తప్పకుండా దొరుకుతుంది. ఊరికి రావాలంటే మాత్రం వేసవి సెలవుల దాకా ఆగాలి, గ్రాంట్ రాసుకోవాలి. అప్పటికి ఆమె వలసపోయి బెంగళూరులో ఉండొచ్చు. నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

అయినా అమెరికాను తక్కువ చేయను. నాకు అక్కడ చదివిన జూనియర్ ఒకడున్నాడు, కడప పిల్లాడు. వాడి క్లాసులో ఘనా అమ్మాయి, బ్రెజిల్ అబ్బాయి ఉండేవాళ్లట. 1989 నుంచి పోర్టో అలెగ్రే నగరంలో మునిసిపల్ బడ్జెట్‌లో కొంత ఎక్కడ ఖర్చుపెట్టాలో కాలనీ మీటింగుల్లో జనమే తేల్చుకున్న కథ వాడు ఆ బ్రెజిల్ అబ్బాయి నోట విన్నాడు. నేను పుస్తకంలో చదివాను. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చేసిన ప్రయోగాన్ని దాని పక్కన పెట్టి, మన గ్రామసభలను మూడో వైపు పెట్టి చూడడం వాడికి అలవాటైపోయింది. మన దగ్గర పొలిటికల్ సైన్స్ అంటే ఇప్పటికీ చాలాచోట్ల భారతదేశమే, అందులోనూ ఎన్నికలే. పేపర్ పేరులో 'అభివృద్ధి చెందుతున్న దేశాలు' అని ఉంటుంది, సిలబస్‌లో ఒక్క ఆఫ్రికా దేశం కూడా ఉండదు.

వాడికి లెక్కలూ వచ్చు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ముగ్గురూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో, వేలిముద్రతో ఉపాధి కూలి, పింఛను చెల్లించే స్మార్ట్‌కార్డుల మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఏ మండలానికి ముందు కార్డులివ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చి, తర్వాత ఇచ్చినవాటితో పోల్చారు. కూలి డబ్బు త్వరగా అందిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేలింది. అలాంటి పని నేను చేయలేను. ఒక సెమినార్‌లో ప్రజావేదికలో లేచిన ఆమె కథ చెబితే వెనక బెంచీ నుంచి ఒకరు అడిగారు, "ఇలా ఎన్ని ఊళ్లలో జరిగింది?" నా దగ్గర మూడు ఊళ్లున్నాయి. కూర్చున్నాను. స్టాటిస్టిక్స్ ఎంఏలోనే నేర్చుకోండి, ఎక్కడ చేరబోతున్నా సరే. ముప్పయ్యేళ్లు దాటాక నేర్చుకోవడం నరకం, అనుభవంతో చెబుతున్నా.

ఇంగ్లిష్ సంగతి ఎవరూ పైకి అడగరు, లోపల అందరికీ అదే టెన్షన్. తెలుగు మీడియం పిల్లలకు అమెరికా దరఖాస్తులో రైటింగ్ శాంపిల్ అన్నది పెద్ద గోడ. హైదరాబాద్‌లో కూడా మొదటి ఏడు కష్టమే, కాకపోతే పక్క రూములో మీలాగే ఇంకో నలుగురుంటారు. నేను మెస్ బయట మెట్ల మీద కూర్చుని ఒక సీనియర్ చేత వాక్యాలు దిద్దించుకునేవాణ్ణి. ఆయనది శ్రీకాకుళం, నా యాస చూసి నవ్వేవాడు, ఆయన యాస చూసి నేను నవ్వేవాణ్ణి.

ఉద్యోగాల విషయంలో మూడింటికీ పెద్ద తేడా లేదు, మూడూ కష్టమే. రాష్ట్రంలో పోస్టులు ఖాళీగా ఉంటాయి, నోటిఫికేషన్ వస్తుంది, కోర్టుకు పోతుంది. 2023 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ చాలు. ఉద్యోగం కోసమే పీహెచ్‌డీ అనుకుంటే ముందు నెట్ కొట్టి చూసుకోండి. అమెరికా డిగ్రీతో వచ్చినవాళ్లకు ప్రైవేటు యూనివర్సిటీల్లో తలుపులు కొంచెం తొందరగా తెరుచుకుంటాయి, అంతే.

మరి ఊళ్లోనే చేరడం శుద్ధ దండగా? కాదు. అనంతపురంలో ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ), కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, ఇప్పుడు అనంతపురంలోనే 2018 నుంచి సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. వీటిలో శ్రద్ధగా చదివి దిద్దే గైడ్లు నాకు తెలిసే ఉన్నారు. అమ్మానాన్నలను చూసుకోవాల్సినవాళ్లు, పిల్లలున్న ఆడవాళ్లు అలాంటి గైడ్ దొరికితే నిశ్చింతగా చేరొచ్చు. హైదరాబాద్‌లో చదవని గైడ్ కంటే ఇక్కడ చదివే గైడ్ వంద రెట్లు మేలు. చేరకముందే ఆ గైడ్ దగ్గర చేసిన ముగ్గురికి ఫోన్ చేయండి. "సార్ మంచోళ్లా?" అని అడక్కండి, అందరూ మంచోళ్లే అంటారు. "మీ చివరి చాప్టర్ ఎన్ని రోజులకు తిరిగొచ్చింది, దాని మీద ఏం రాసుంది?" అని అడగండి. జవాబు చెప్పడానికి అవతలివాళ్లు తడబడితే వదిలేయండి.

ఎన్జీవోల్లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా రెండేళ్లు చేయడం ఫీల్డ్ తెలియడానికి బాగుంటుంది, అక్కడే ఉండిపోతే రిపోర్టులు రాయడమే వస్తుంది. ప్రైవేటు యూనివర్సిటీల పీహెచ్‌డీ ఫెలోషిప్ ఇస్తే చూడండి, ఫీజు అడిగితే వద్దు. పార్ట్‌టైమ్ గురించి నేనేమీ చెప్పను, చేసినవాళ్లకు దండం.

గుంతకల్లు అమ్మాయి మొన్న రాత్రి నాలుగు పేజీల ప్రపోజల్ వాట్సాప్‌లో పంపింది. సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వ్ అయిన ఊళ్లలో భర్తలే పంచాయతీ నడుపుతున్నారని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేసింది. పక్కన రాసి పంపాను: "చెక్కు మీద సంతకం ఆమె ఎక్కడ పెడుతుంది, ఆఫీసులోనా వంటింట్లోనా? నువ్వు చూశావా?" కాసేపటికి జవాబొచ్చింది. "ఆదివారం ఉరవకొండ దగ్గర మా పిన్ని వాళ్ల ఊరికి పోయొచ్చి చెప్తా సార్. ఆ ఊరి సర్పంచ్ మా పిన్నికి స్నేహితురాలే."