అండమాన్ ‘ఎకో ప్యాకేజీ’కి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రే వైజాగ్‌లో దిగాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. ఇది రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

ఆకుపచ్చ బోర్డు, దాని మీద తాబేలు బొమ్మ. వాట్సాప్ గ్రూపుల్లో రోజుకి మూడు పోస్టర్లు పెడుతుంటారే, ఆ ట్రావెల్స్ వాళ్లే. పేరు రాయను, మీకు అర్థమయ్యే ఉంటుంది.

ముగ్గురికి 1,38,000. అందులో మనిషికి 4,000 చొప్పున 12,000 ‘గ్రీన్ చార్జ్’. దానికి స్టీలు బాటిళ్లు, నీల్ దీవిలో స్థానికుల ఇంట్లో బస, తిరగడానికి సైకిళ్లు, సముద్రం గురించి చెప్పడానికి చదువుకున్న గైడ్, పైగా మా పేరు మీద ఒక మడ మొక్క నాటతారట. మన పోర్టు నుంచే ఓడ ఉంది కదా, దాదాపు 56 గంటలైనా పర్లేదు, అందులో వెళ్దామని నేనే అడిగాను. ‘ఈ రోజుల్లో ఓడ ఎవరెక్కుతారు మేడం’ అని ఆ ట్రావెల్స్ ఏజెంటు కొట్టిపారేశాడు.

ఇంకో సంగతి. ప్యాకేజీ కాగితంలో బారాటాంగ్ పక్కన ‘దారిలో ఆదివాసులను చూడవచ్చు’ అని ఉంది. జారవా అనే ఆదివాసీ తెగ రిజర్వు మధ్యలోంచి వెళ్లే రోడ్డది. అక్కడ వాళ్లని ఫొటో తీయడం నేరం. మనుషుల్ని జూలో జంతువుల్లా చూపిస్తాననేవాడికి ఎకో ఏంటి, ప్రకృతి ఏంటి అని అప్పుడే లేచి రావాల్సింది. నేనేం చేశాను? ఆ లైను పెన్నుతో కొట్టేసి, ఏదో గెలిచినట్టు కింద సంతకం పెట్టాను. టీచర్ని కదా, ఎర్ర గీత గీస్తే తప్పు పోతుందనుకుంటాను.

వెళ్లాక స్టీలు బాటిళ్లు లేవు, కారు డిక్కీలో అరలీటరు నీళ్ల సీసాల కేసు ఉంది. నీల్‌లో ఇల్లు లేదు, ఏసీ హోటల్. సైకిళ్లు రెండు, ఒకదానికి చైను లేదు. బీచ్ దగ్గర భోజనం ప్లాస్టిక్ చెంచాలతో. ఆ చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అన్నీ సర్దుకున్నాం. ఊరుగాని ఊళ్లో గొడవెందుకని మావారు, సరేలే అని నేను.

హేవ్‌లాక్‌లో, అదే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు కదా, ఎలిఫెంట్ బీచ్‌కి తీసుకెళ్లారు. ‘చదువుకున్న గైడ్’ అంటే ఒక కుర్రాడు. వాడిని ఏమీ అనను, పొద్దుటి నుంచి ఎంతమందిని లాగాడో పాపం. నన్నూ మావాడినీ రబ్బరు ట్యూబు పట్టించి లోపలికి తీసుకెళ్లాడు. కింద పగడాలు. నాకు ఆయాసం వస్తుంటే, ఇక్కడ కాస్త నిలబడండి మేడం అన్నాడు హిందీలో. నిలబడ్డాను. నీళ్లలో చప్పుడు వినపడలేదు గానీ అరికాలికి తెలిసింది, అప్పడం విరిగినట్టు విరిగింది. నేను కాలు తీసేలోపే వాడు మునిగి ఒక కొమ్మ విరిచి మావాడి చేతిలో పెట్టాడు. పగడమంటే రాయి కాదురా, చిన్న చిన్న జీవులు ఏళ్ల తరబడి కట్టుకున్న ఇల్లు అని బయల్దేరే ముందు మావాడికి పాఠం చెప్పింది నేనే. వాడు ఆ ముక్క పట్టుకుని నవ్వుతుంటే ఫొటో తీసిందీ నేనే.

రాత్రి కిటికీలో ఆరబెట్టిన ముక్కని హోటల్ వంటావిడ చూసింది. సోంపేట వైపు మనిషి, అండమాన్‌లో మనవాళ్లు బోలెడుమంది. ‘ఏటమ్మా ఇది, ఎయిర్‌పోర్టులో సూస్తే పట్టీస్తారు’ అంది. నిజమే. వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఈ పగడాలూ ఉన్నాయి. మూడేళ్లకు తగ్గకుండా జైలు. తెల్లారకముందే వెళ్లి సముద్రంలో వేసొచ్చాం. వేసినంత మాత్రాన అతుక్కుంటుందా.

అప్పుడు చేశాను ఆ ఏజెంటుకి ఫోన్. ఇదేనా మీ ఎకో టూర్ అన్నాను.

‘ఎకో అంటే ఎకానమీ మేడం. మీరేమనుకున్నారు?’

వెనకాల ఇద్దరు ముగ్గురు నవ్వారు. స్పీకర్‌లో పెట్టాడన్నమాట. మా అమ్మమ్మది తగరపువలస అంటే ‘మా అత్తారూరే మేడం’ అని టీ తెప్పించిన మనిషి. మూడు నెలల నుంచి నేను బాబూ, బాబూ అని పిలిచిన మనిషి. ఆ 12,000 పోయినందుకు కాదు, ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

పోనీ మా మొక్కేదయ్యా అంటే పది నిమిషాల్లో ఫొటో పంపాడు. మడ మొక్క ఉప్పునీళ్ల బురదలో, ఆటుపోట్ల మధ్య పెరిగేది. ఫొటోలో ఉన్నది ఇనుప ట్రీగార్డులో కానుగ మొక్క. వెనక గోడ మీద తెలుగులో ‘ఇచ్చట మూత్రము పోయరాదు’. అండమాన్ అంత దగ్గరికి వచ్చేసిందని నాకు తెలీదు.

రీఫండ్ అడిగితే నంబర్ బ్లాక్ చేశాడు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, చూడాలి.

వెళ్లాలనుకునేవాళ్లు గ్రీన్ చార్జ్ అంటే ఏమిస్తారో ఒక్కొక్కటీ కాగితం మీద రాయించుకోండి, మొత్తం ముందే కట్టకండి. దీవుల మధ్య ప్రభుత్వ ఫెర్రీలు ఉన్నాయి, వీలైతే అవే ఎక్కండి. బాటిల్ ఇంటి నుంచి పట్టుకెళ్లండి. నీళ్లలో ఎవరు నిలబడమన్నా నిలబడకండి.

రసీదు, ఆ కానుగ మొక్క ఫొటో నా దగ్గరున్నాయి. అడిగినవాళ్లకి పంపిస్తాను.