సిక్స్ ప్యాక్: వాక్యూమా, మెకానికల్ లింకేజా?

1970 డాడ్జ్ ఛాలెంజర్‌లో 440 సిక్స్ ప్యాక్ అంటే 440 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ మీద మూడు హోలీ కంపెనీ టూ-బ్యారెల్ కార్బురేటర్లు (గాలి, పెట్రోలు కలిపేవి, ఒక్కోదానికి రెండు గాలి దారులు), 390 హార్స్‌పవర్. మామూలుగా నడిపేటప్పుడు పనంతా నడిమిదానిదే. ఇంజిన్ గాలి గుంజుడు పెరిగితేనే వాక్యూమ్ డయాఫ్రమ్‌లు (ఆ గుంజుడుకి కదిలే పలుచటి పొరలు) ముందూ వెనకా ఉన్నవాటిని తెరుస్తాయి.

కొందరు ఆ డయాఫ్రమ్‌లు పీకేసి మూడింటినీ కడ్డీలతో కలిపేస్తారు, అదే మెకానికల్ లింకేజ్. తొక్కగానే తెరుచుకుంటాయి, నిజమే. కానీ ముందూ వెనకా ఉన్న ఆ రెండింటికీ యాక్సిలరేటర్ పంపు (తొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మేది) లేదు కదా! గాలి ముందు దూసుకొస్తుంది, పెట్రోలు వెనకబడుతుంది. బండి ఒక్క క్షణం గుటకేసి, అప్పుడు ఎగురుతుంది. డ్రాగ్ స్ట్రిప్‌కైతే (తిన్నటి రేసు దారికైతే) సరే.

రోడ్డు బండికి నా ఓటు వాక్యూమ్‌కే. తొందరగా తెరుచుకోవాలంటే డయాఫ్రమ్‌లో మెత్తటి స్ప్రింగు వేయండి. తడబడితే ఒక మెట్టు గట్టిది. అంతకుముందు ఆ రెండింటి థ్రాటిల్ ప్లేట్లు (గాలి దారి మూసే రేకులు) పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో చూడండి, లేకపోతే ఐడిల్ (తొక్కనప్పటి ఇంజిన్ వేగం) స్క్రూ ఎంత తిప్పినా కుదరదు.