అమ్మతో బెంగళూరు గ్యాలరీలు: బొమ్మలతో పాటు కూర్చునే చోటు కూడా

బెంగళూరులో ఒక చిన్న గ్యాలరీలో వృద్ధాప్యం మీద ఫోటోల ప్రదర్శన జరుగుతోందని తెలిసి అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. అమ్మకు 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే. అనంతపురం నుంచి పగటి రైలులో వెళ్లి మల్లేశ్వరంలో దిగాం. శని, ఆదివారాలు రెండూ దీనికే పెట్టుకున్నాం. మీరు వెళ్లేటట్లయితే సోమవారం కలుపుకోకండి, మ్యూజియంలకు ఆ రోజు సెలవు.

బస గురించి ఒక్క మాట. గది శుభ్రంగానే ఉంది, రోజుకు 1,800 రూపాయలు, లిఫ్ట్ ఉంది. కానీ స్నానాల గదికి జానెడు ఎత్తు గడప, లోపల నున్నటి టైల్స్, పట్టుకోవడానికి ఒక్క కమ్మీ లేదు. రాత్రి రెండుసార్లు లేచి నేనే అమ్మ చేయి పట్టుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు గది తీసుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న స్నానాల గది గురించే.

శనివారం ఉదయం ఆ గ్యాలరీకి వెళ్లాం. పాత ఇంటి మేడ మీద ఉంది. రాతి మెట్లు ఇరవై నాలుగు, లిఫ్ట్ లేదు. అమ్మ మూడుచోట్ల ఆగి పైకి చేరింది. లోపల తెల్లటి గోడలు, చక్కటి వెలుతురు, నలభై దాకా ఫోటోలు. ఒక ఆవిడ పదకొండేళ్ల పాటు తన తల్లిని, తనను తీసుకున్న చిత్రాలు అవి. కూర్చోవడానికి మాత్రం ఏమీ లేదు. ఫోటోల కింద వివరాలు నడుము ఎత్తులో, లేత బూడిద రంగు అక్షరాలతో అచ్చు వేశారు. నేనే వంగి చదవాల్సి వచ్చింది. ముసలితనాన్ని ఇంత ప్రేమగా చూపించిన చోట ముసలివాళ్లు వస్తారన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. అడిగితే అక్కడి కుర్రాడు తన కుర్చీనే తెచ్చి వేసి, అమ్మ జరిగినప్పుడల్లా దాన్ని మోశాడు.

అమ్మ ఎక్కువసేపు ఆగింది ఒక్క ఫోటో దగ్గరే. ముసలి చేయి, ఉంగరపు వేలు. వేలు చిక్కిపోయి ఉంగరం జారిపోకుండా లోపలి వైపు దారం చుట్టి ఉంది. ఆ దారానికి పసుపు అంటి, పోగులు లేచి, ఒకచోట కొత్త దారంతో ముడి వేసి ఉంది. అమ్మ ఏమీ మాట్లాడకుండా తన చేతిని ఫోటో పక్కన పెట్టింది. నాన్న ఉంగరం అమ్మ వేలికి ఉంది, దానికీ దారమే. నేను రోజూ చూసే చేయి అది. గోడ మీద చూసేదాకా ఆ దారం నా కంట పడలేదు.

ఆదివారం మెట్రోలో కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగి కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీకి ఆటోలో వెళ్లాం. 2023లో తెరిచిన భవనం, బయటంతా అచ్చు గుర్తులున్న స్టీలు రేకులు, చూస్తే పెద్ద నీళ్ల ట్యాంకులా ఉంటుంది. లిఫ్ట్ ఉంది, చక్రాల కుర్చీతో హాయిగా తిరగవచ్చు. చూపు లేనివారు తడిమి తెలుసుకునేందుకు ఉబ్బెత్తు నమూనాలు కూడా పెట్టారు. 2011లో పోయిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌తో మాట్లాడుతున్నట్టు ఉండే డిజిటల్ రూపాన్ని ఈ మ్యూజియం తయారు చేయించిందని అమ్మకు చెప్పాను. "పోయినవాళ్లను ప్రశ్నలు అడగడం నాకు ఇష్టం లేదమ్మా, జవాబు చెప్పేది వాళ్లు కాదుగా" అంది. ఆ మాటతో నేను వాదించలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి మాత్రం ముందు ఇక్కడికే వెళ్లమంటాను.

మధ్యాహ్నం ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు భవనం. 2009 నుంచి అది జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల. లోపల కొంచెం చూసి బయట చెట్ల నీడలో చాలాసేపు కూర్చున్నాం. ఈ రెండు రోజుల్లో నాకు బాగా మిగిలింది ఆ గంటే.

ముందురోజు గ్యాలరీలో చూసిన ఆ తల్లీకూతుళ్ల ముఖాల వరుస అమ్మకు అర్థం కాలేదు. ఒకే గోడ ముందు ఏటా ఒక ఫోటో ఎందుకు, అని అడిగింది. అప్పుడు రోమన్ ఒపాల్కా గురించి చెప్పాను. ఆ పోలండ్ చిత్రకారుడు 1965లో నల్లటి కాన్వాసు మీద తెల్ల రంగుతో 1 అంకె వేసి మొదలుపెట్టాడు. 2, 3, 4 అలా చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు. 1972 నుంచి ఒక్కో కొత్త కాన్వాసు నేపథ్యంలో నూటికి ఒక వంతు చొప్పున తెలుపు పెంచుతూ వచ్చాడు. చివరికి తెలుపు మీద తెల్లటి అంకెలు. రోజూ పని అయ్యాక ఒకే తీరు వెలుతురులో, తెల్ల చొక్కాతో తన ముఖాన్ని ఫోటో తీసుకునేవాడు. జుట్టూ కాన్వాసూ కలిసి తెల్లబడ్డాయి.

"రామకోటి రాసినట్టన్నమాట" అంది అమ్మ. "కోటి పూర్తయిందా?"

"లేదమ్మా. 2011లో పోయాడు. 56,07,249 దగ్గర ఆగింది."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేను భూపేన్ ఖఖ్ఖర్ సంగతి చెప్పాను. బరోడాలో అకౌంటెంటుగా పనిచేస్తూ బొమ్మలు వేసినవాడు, క్యాన్సర్ వచ్చాక నొప్పి పడుతున్న శరీరాన్నే రంగుల్లోకి తెచ్చి 2003లో వెళ్లిపోయాడు. అమృతా షేర్-గిల్ తన ముఖాన్ని ఎన్నోసార్లు వేసుకుంది, కానీ 1941లో 28 ఏళ్లకే పోయింది. తన ముసలి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియలేదు. రెంబ్రాంట్ అయితే 63 ఏళ్లకు పోయిన ఆ సంవత్సరం కూడా ఉబ్బిన బుగ్గలు, వేలాడే చర్మం ఉన్నవి ఉన్నట్టు వేసుకున్నాడు.

అమ్మ అప్పుడు నాన్న ఫోటో మాట ఎత్తింది. మా హాలులో దండ వేసిన ఫోటో అది. పెద్దకర్మకు ముందు హడావిడిగా స్టూడియోలో పెద్దది చేయించాం. వాళ్లు ముడతలు తీసేసి, రంగు తెల్లగా మార్చి, నుదుటి మీద మచ్చను కూడా తుడిచేశారు. చిన్నప్పుడు బావి గిలక తగిలి పడిన మచ్చ అది. ఇన్నేళ్లలో అమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు.

"ఆ ఫోటోలో ఉన్నాయన నాకు కొత్త" అంది. "అసలుది ఎక్కడైనా ఉందేమో చూడమను."

తమ్ముడికి ఫోన్ చేశాను. తిరుగు రైలు హిందూపురం దాటుతుండగా వాడు పంపాడు. పాత బ్యాంకు పాసు పుస్తకానికి అంటించిన చిన్న ఫోటో. చొక్కా కాలరు మీద ముద్ర సగం పడి ఉంది. నుదుటి మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఫోను నా చేతిలోంచి తీసుకుంది.